నవ్వకండిగారి తెల్ల లెన్సు

ఆ వీధిలో పాస్‌పోర్టు ఫొటోల స్టూడియో నడిపే ఆయనకి అసలు పేరంటూ ఒకటి ఉండే ఉంటుంది. కానీ ఇరవై రెండేళ్లుగా కుర్చీలో కూర్చున్న ప్రతి మనిషికీ "గడ్డం కొంచెం పైకి... కదలకండి... నవ్వకండి" అని చెప్పీ చెప్పీ, చివరికి ఆ ఆఖరి మాటే ఆయనకి పేరై కూర్చుంది. పాలు పోసే ఆవిడ దగ్గర్నుంచి బ్యాంకు మేనేజరు దాకా అందరూ ఆయన్ని నవ్వకండిగారనే పిలుస్తారు. ఆయనా పలుకుతారు.

ఆ ఆదివారం పొద్దున్న కాఫీ తాగుతూ నవ్వకండిగారు వేసుకున్న పథకంలో భూతద్దం పెట్టి వెతికినా లోపం దొరికేది కాదు. పది గంటలకి స్టేడియంలో కూతురి లాంగ్‌జంప్. పన్నెండింటికి, ఆ స్టేడియం గోడకి అవతలే ఉన్న విమానాశ్రయంలో బావగారి ఆఖరి ల్యాండింగ్. ముప్ఫయ్యేళ్లు విమానాలు నడిపిన బావగారు ఆ రోజు దిగారంటే, ఇక ఎప్పుడు ఎక్కినా ప్రయాణికుడిగానే. ఆ దిగడాన్ని ఫొటో తీసి, సాయంత్రానికల్లా ఫ్రేము కట్టి తెమ్మని అక్క హుకుం జారీ చేసింది. ఒకే చోటు, ఒకే పూట, నడుమ రెండు గంటల తీరిక.

"అత్త అడిగిన ఫొటో సరే నాన్నా, నా సంగతేంటి?" బూట్ల లేసులు కట్టుకుంటూ అడిగింది కూతురు. "ఐదేళ్లనుంచి దూకుతున్నాను. ఒక్క ఫొటోలోనన్నా గాల్లో ఉన్నానా?"

లేదు. ఐదేళ్ల ఫొటోల్లోనూ పిల్ల ఇసుకలో నిలబడి మోకాళ్లు దులుపుకుంటూనే ఉంటుంది. నవ్వకండిగారి వేలు అలాంటిది. ఎదుటి మనిషి కదులుతున్నంతసేపూ అది మొరాయిస్తుంది. కదలిక ఆగిందో లేదో, టక్కున నొక్కేస్తుంది. పాస్‌పోర్టు ఆఫీసువాళ్లు ఆయన తీసిన ఫొటో ఒక్కటీ తిప్పి పంపలేదంటే ఆ వేలి చలవే.

"స్కూల్లో ఇదే నా ఆఖరి పోటీ. ఈసారి కూడా దులుపుకుంటుంటే తీశావనుకో, ఇంక నిన్ను ఫొటో అడగనే అడగను," అంది కూతురు. కోపంగా అని ఉంటే ఆయన సర్దుకునేవారే. పిల్ల మామూలుగా అంది. అది గుండెల్లో గుచ్చుకుంది.

"ఈసారి చూడమ్మలూ! పెద్ద లెన్సు తెస్తున్నానుగా!" అన్నారు.

"లెన్సు మారితే వేలు మారుతుందా?" అంది భార్య వంటింట్లోంచి. నవ్వకండిగారు గబగబా చెప్పులు వేసుకున్నారు.

లెన్సుల షాపాయన మాటిచ్చాడు కనక ఆదివారమైనా ఎనిమిదింటికే షట్టరెత్తి, బల్ల మీద రెండు లెన్సులు పెట్టాడు. ఒకటి నల్లగా, మూరెడు లోపు, బుద్ధిమంతుడిలా ఉంది. "ఇది జూమండీ. ఇలా తిప్పితే దగ్గర, అలా తిప్పితే దూరం. మీ అమ్మాయికీ, మీ బావగారి విమానానికీ ఇదొక్కటే సరిపోతుంది." రెండోది తెల్లగా, చిన్న ఫిరంగిలా ఉంది. "ఇది ఇంకా స్పష్టంగా తీస్తుంది. కానీ తిప్పడాలుండవు, చూపంతా దూరానికే. దగ్గరవాళ్లు దీంట్లో పట్టరు. మీరే వెనక్కి నడుచుకోవాలి. సాయంత్రం దాకా ఏదో ఒకటి వాడి చూడండి. నన్నడిగితే, అలవాటు లేనివాళ్లకి నల్లదే మంచిది."

ఆ చివరి మాట అనకుండా ఉంటే ఈ కథే ఉండేది కాదు. ఇరవై రెండేళ్ల అనుభవం ఉన్న మనిషిని పట్టుకుని అలవాటు లేనివాళ్లా! నవ్వకండిగారికి ఒళ్లు మండింది.

"తెల్లదివ్వండి," అన్నారు.

స్టేడియం గేటు దగ్గర టికెట్లు చూస్తున్న టీచరు ఆ తెల్ల లెన్సుని చూడగానే టికెట్టు మాటే మరిచిపోయింది. "వచ్చారా సార్! మీకోసమే కాచుక్కూర్చున్నాం!" అంటూ లోపలికి పరిగెత్తి, క్రీడా సంఘం కార్యదర్శిని వెంటబెట్టుకొచ్చింది. పత్రిక నుంచి ఫొటోగ్రాఫర్ని పంపిస్తామని వాళ్లకెవరో చెప్పారట. అంత లెన్సుతో వచ్చినవాడు పత్రికవాడు కాకపోతే ఇంకెవడవుతాడు?

నవ్వకండిగారు కాదని చెప్పడానికి నోరు తెరిచారు. ఆలోగా కార్యదర్శి ఆయన్ని ఇసుక గుంతకి ఆనుకుని ఉన్న మెత్తని కుర్చీలో కూర్చోబెట్టేశాడు. కూతురు దూకే చోటికి ఐదడుగుల దూరం! తెరిచిన నోరు ఆయన మళ్లీ మూసేశారు.

మూశాక కెమెరా కంటికి పెట్టి చూస్తే ఇసుక గుంత కనబడలేదు. మసక తప్ప ఏమీ లేదు. కాస్త అవతల కూర్చున్న ముఖ్య అతిథి వైపు తిప్పితే ఆయన చెవి కనబడింది. చెవి ఒక్కటే, ఫ్రేము నిండా. ముఖ్య అతిథి మాత్రం తనని తీస్తున్నారనుకుని పొట్ట లోపలికి లాక్కుని, ఊపిరి బిగబట్టి, మొహం ఎర్రబడేదాకా అలాగే ఉండిపోయాడు.

"సార్, ముందు వంద మీటర్ల పరుగు తీయండి. మొదటి పేజీలో పడాలి," అని కార్యదర్శి ఆయన్ని చెయ్యి పట్టుకుని ట్రాకు పక్కకి లాక్కెళ్లాడు.

అక్కణ్ణుంచి మాత్రం తెల్ల లెన్సు తన ప్రతాపం చూపించింది. దూరంగా గీత మీద వంగిన ఎనిమిది మంది అమ్మాయిల్లో మధ్యమ్మాయి మొహం, నుదుటి మీది చెమట బొట్టుతో సహా కళ్ల ముందు నిలిచింది. వెలుతురు బాగుంది. గడ్డమే కాస్త కిందికుంది. పీటీ మాస్టారు తుపాకీ ఎత్తారు. ఆ క్షణాన నవ్వకండిగారు తానెక్కడున్నదీ మరిచిపోయారు.

"గడ్డం కొంచెం పైకి! కదలకండి!" అని అరిచారు.

ఇరవై రెండేళ్లుగా సానబెట్టిన గొంతు. దాని మాట జవదాటిన వాళ్లు లేరు. తుపాకీ పేలింది. ఏడుగురు అమ్మాయిలు గడ్డాలు పైకెత్తి బొమ్మల్లా నిలబడిపోయారు. ఎనిమిదో అమ్మాయి ఒక్కతే పరిగెత్తి, వెనక ఎవరూ లేరని కూడా చూసుకోకుండా రిబ్బను తెంచి చేతులెత్తింది.

ఆ తర్వాత ట్రాకు మీద అమ్మాయిల కంటే తల్లిదండ్రులే ఎక్కువైపోయారు. గెలిచిన పిల్ల తల్లి కప్పు ఇమ్మంటుంది. మిగిలిన ఏడుగురి తల్లులూ పరుగు మళ్లీ పెట్టమంటారు. కమిటీ కూర్చుంది, లేచింది, నిబంధనల పుస్తకం తెప్పించుకుని మళ్లీ కూర్చుంది. మైదానంలో ఎవరో ఫొటోగ్రాఫరు కదలకండి అంటే ఏం చెయ్యాలో ఆ పుస్తకంలో ఎక్కడా లేదు. ఈలోగా అసలు పత్రికాయన అరచేతిలో పట్టే కెమెరాతో వచ్చాడు. గేటు దగ్గర టీచరు ఆ కెమెరా చూసి జాలిపడి, టికెట్టు కొనుక్కు రమ్మంది.

గంటన్నర గడిచాక కార్యదర్శి మైకులో పరుగు మళ్లీ ఉంటుందనీ, లాంగ్‌జంప్ పన్నెండింటికి జరుగుతుందనీ ప్రకటించాడు. నవ్వకండిగారు వాచీ చూసుకున్నారు. పన్నెండింటికి బావగారు!

సరిగ్గా అప్పుడే ఒక తల్లి ఆయన్ని ఎగాదిగా చూసి, "ఈయన పేపరాయన కాదండీ! మా వీధి స్టూడియోలో పాస్‌పోర్టు ఫొటోలు తీసే నవ్వకండిగారు!" అంది.

కార్యదర్శి మొహంలో రంగులు మారాయి. "దయచేయండి," అంటూ గేటు వైపు చెయ్యి చూపించాడు. పొద్దున్న సార్ అన్న టీచరే ఆయన్ని గేటు దాటించింది. వెనక్కి తిరిగి చూస్తే, ఇసుక గుంత దగ్గర కూతురు నడుం మీద చేతులు పెట్టుకుని ఇటే చూస్తోంది. పిల్ల కోప్పడలేదు, చెయ్యి కూడా ఊపలేదు. తలొంచుకుని బూట్ల లేసులు మళ్లీ కట్టుకుంది. నవ్వకండిగారికి తల కొట్టేసినట్టయింది. ఫిరంగి మోసుకొచ్చి పిల్లకి తలవంపులు తెచ్చిన తండ్రి లోకంలో తానొక్కడే అనుకున్నారు.

గేటు బయట, రోడ్డుకి అవతల, ఆటగాళ్లని తెచ్చిన బస్సు ఆగి ఉంది. దాని వెనక పైకెక్కే నిచ్చెన ఉంది. నవ్వకండిగారు ఇంకేమీ ఆలోచించలేదు.

"ఎవరండీ పైన?" సగం ఎక్కాక కింద నుంచి గొంతు వినబడింది. మీసాలాయన, డ్రైవరు.

"మా అమ్మాయి దూకుతోందండీ. లోపల్నుంచి పంపించేశారు."

డ్రైవరు ఒక్క క్షణం ఆలోచించి తనూ ఎక్కాడు. "ఏ అమ్మాయి?"

"ఆ పసుపు చొక్కా."

నవ్వకండిగారు కెమెరా కంటికి పెట్టుకున్నారు. పరుగు దారి, ఇసుక గుంత, కూతురు తలనుంచి బూట్ల దాకా, అన్నీ ఎవరో కొలిచి పెట్టినట్టు ఫ్రేములో పట్టాయి. ఆ లెన్సుకి కావలసినంత దూరం ఇప్పటికి దొరికింది.

మొదటి దూకు. కూతురు పరిగెత్తింది, లేచింది, పడింది, నిలబడింది. టక్కుమంది. చూస్తే మోకాళ్లు దులుపుకుంటోంది. రెండో దూకు. ఇసుక రేణువులు లెక్కపెట్టేంత స్పష్టంగా మళ్లీ దులుపుకుంటోంది.

"ఆగాక నొక్కుతున్నారేంటి సార్?" అన్నాడు డ్రైవరు.

"వేలు వినట్లేదయ్యా!" అన్నారు నవ్వకండిగారు. ఏడుపొక్కటే తక్కువ.

"కదిలేవాటి సంగతి నాకొదిలెయ్యండి. పాతికేళ్లనుంచి రోడ్డు మీద నేను చూసేది వాటినే. మీరు గురి చూడండి చాలు. నేను చెప్పగానే నొక్కెయ్యండి."

జేబులో ఫోను మోగింది. అక్క. "ఒరేయ్, పన్నెండు దాటింది! ఆయన వస్తుంటారు, తీస్తున్నావా?" అప్పుడే గోడ అవతల ఆకాశంలో విమానం హోరు మొదలైంది. కింద కూతురు మూడో దూకుకి గీత దగ్గర నిలబడి ఉంది. ఆఖరిది. బావగారు ఆఖరిసారి దిగేదీ ఒక్కసారే, కూతురు ఎగిరేదీ ఒక్కసారే. నవ్వకండిగారు అర క్షణం కూడా తటపటాయించలేదు. అక్క చేత జన్మంతా తిట్లు తినడానికి సిద్ధపడి, ఫోను జేబులో పడేసి, లెన్సు కూతురి మీదే ఉంచారు.

పిల్ల పరిగెత్తింది.

"ఆగండి... ఆగండి... ఇప్పుడు!" అని అరుస్తూ డ్రైవరు ఆయన వీపు మీద ఒక్కటిచ్చాడు.

నవ్వకండిగారు కళ్లు మూసుకుని నొక్కారు. కళ్లు తెరిచి, కెమెరా వెనక తెర మీద చూశారు. కూతురు గాల్లో ఉంది. రెండు కాళ్లూ, రెండు చేతులూ, జడా, అన్నీ గాల్లోనే. దానికి తోడు, పిల్ల తలకి జానెడు పైన, ఫ్రేము ఈ కొస నుంచి ఆ కొసకి, కాస్త మసకగా, చక్రాలు నేలకి ఆనిస్తున్న విమానం! నవ్వకండిగారు డ్రైవర్ని కావలించుకున్నారు. ఆ తర్వాత పావుగంటసేపు ఇద్దరూ రన్‌వేకి వీపు పెట్టి కూర్చుని ఆ ఫొటోనే చూసుకున్నారు.

కూతురికి మూడో స్థానం వచ్చింది. పతకం మెళ్లో వేసుకుని బయటికొచ్చి, తెర మీద తనని తాను చూసుకుంది. దాన్ని పెద్దది చేసి, ముందు ఒక బూటు కింద ఖాళీ చూసింది, తర్వాత రెండో బూటు కింద. "నాన్నా," అంది. తర్వాత ఇంటిదాకా ఆ కెమెరా తనే మోసింది. నవ్వకండిగారికి ఆ రోజు అంతకంటే ఏమీ అక్కర్లేకపోయింది.

దారిలో లెన్సు తిరిగివ్వడానికి ఆగితే షాపాయన అడిగాడు. "ఎలా ఉందండీ? తెల్లదే ఖాయం చేద్దామా?"

"లెన్సు బ్రహ్మాండం. నల్లదివ్వండి," అన్నారు నవ్వకండిగారు. "దీంతో పాటు బస్సు కూడా కావాలి."

సాయంత్రం అక్క ఇంట్లో ఫ్రేము విప్పగానే చుట్టాలంతా మూగారు. అక్క కళ్లు తుడుచుకుంది. "చూశారా, నా తమ్ముడు! మేనకోడల్నీ, మొగుణ్నీ ఒకే ఫొటోలో పట్టుకొచ్చాడు!" అని ఫ్రేము తెచ్చి హాల్లో గోడకి తగిలించింది. చుట్టాలు వరసపెట్టి బావగారి చెయ్యి ఊపి, ఎంత చక్కగా దింపారండీ అన్నారు. బావగారు కళ్లజోడు పెట్టుకుని దగ్గరగా వెళ్లి చూశారు. తర్వాత బావమరిది భుజం మీద చెయ్యేసి బాల్కనీలోకి తీసుకెళ్లారు.

"నేను నడిపినదానికి ఇంజన్లు రెక్కల కింద ఉంటాయోయ్. దీనికి తోక దగ్గరున్నాయి."

నవ్వకండిగారు తల వెనక్కి తిప్పి ఫ్రేము వైపు చూశారు. "మరి మీరు..."

"కాస్త ఆలస్యమైంది. పన్నెండూ ఇరవైకి దిగాను."

పన్నెండూ ఇరవైకి తాను రన్‌వేకి వీపు పెట్టి కూర్చున్న సంగతి నవ్వకండిగారికి గుర్తొచ్చింది. "అక్కకి చెప్పేస్తాను బావగారూ."

"ఊరుకోవయ్యా. ఈ ముప్ఫయ్యేళ్లలో మీ అక్క నా ఉద్యోగం చూసి మురిసిపోవడం ఇదే మొదలు." బావగారు బాల్కనీ అద్దాల తలుపులోంచి హాల్లో గోడ వైపు మరోసారి చూసి, కాస్త అసూయగా, "ఎవరో గానీ, చక్రాలు భలే మెత్తగా ఆనించాడు," అన్నారు.

తర్వాత లోపలికెళ్లి, ఆ ల్యాండింగ్‌కి ఇంకా రావలసిన అభినందనలన్నీ కాదనకుండా అందుకున్నారు.