మూడు మీటర్లంటే మూడేనా?

ఆకాశంలో తిరుగుతున్న ఉపగ్రహాలను వెంటనే కిందికి దించెయ్యాలని ప్రభుత్వాన్ని డిమాండ్ చేస్తున్నాను! అవి సముద్రం గురించి నిజం చెబుతున్నాయి. నిజాలతో సంసారాలు సాగుతాయా?

మా ఆయన కెరటాల సూచన ఆఫీసులో పనిచేస్తారు. రేపు కెరటాలు ఎంతెత్తు లేస్తాయో కంప్యూటర్ మోడల్‌తో లెక్కగట్టడం ఆయన ఉద్యోగం. పూర్వం ఎంత చక్కగా జరిగేది! మోడల్ ఒకటిన్నర మీటర్లంటే, సెక్షన్ ఆఫీసరు "ఎందుకైనా మంచిది" అని కాస్త కలిపేవారు. పై ఆఫీసరు "నా ఉద్యోగం కూడా చూసుకోవాలిగా" అని ఇంకాస్త కలిపేవారు. బయటికొచ్చేసరికి మూడు! చెప్పిన కెరటం రాకపోతే అడిగేవాడెవడు? చెప్పనిది వస్తేనే కదా ఎంక్వయిరీ!

రేవులో జనం మాత్రం తక్కువ తిన్నారా? ఆఫీసు మూడంటే సగానికి కోసేసి, హాయిగా చేపల వేటకెళ్లేవారు. చెప్పేవాళ్లకీ వినేవాళ్లకీ ఇంత చక్కని అవగాహన ఏ కాపురంలో ఉంది? మా ఇంట్లో ఉందనుకోండి. ఆయన "పది నిమిషాల్లో వస్తున్నా" అని ఫోన్ చేశాకే నేను తీరిగ్గా సీరియల్ పెట్టుకుంటాను.

ఇంతలో ఈ ఉపగ్రహాలు వచ్చిపడ్డాయి. అవి పైనుంచి నడిసముద్రంలో కెరటాల ఎత్తు కొలిచి పంపడం, మోడల్ ఆ కొలతలతో తన తప్పు దిద్దుకోవడం! లెక్క తూచినట్టు వస్తోందని మా ఆయన మురిసిపోయారు. ఆఫీసర్ల ప్రాణం తోడేసి, ఇక ఏమీ కలపకుండా ఒప్పించారు. అలా వెలువడిన మొదటి సూచన, మూడు మీటర్లు.

ఆ సాయంత్రం మా బావగారు, అంటే మా ఆయన అన్నగారు, గుమ్మంలో కూర్చుని వల సర్దుకుంటున్నారు. ఆయనకో చిన్న పడవ ఉంది.

"అన్నయ్యా, రేపు వెళ్లకు. మూడు మీటర్లు."

"అంటే ఒకటిన్నరేగా."

"కాదన్నయ్యా! ఈసారి మూడంటే మూడే. ఉపగ్రహం చూసి చెప్పింది."

"ఒరేయ్, ఇన్నేళ్లుగా మీ మూడు చూస్తున్నా. నాకు చెప్పొచ్చావా?"

మా ఆయన గ్రాఫులు చూపించారు, ఒట్టు పెట్టారు, కాళ్లావేళ్లా పడ్డారు. బావగారు వల భుజానేసుకుని లేచారు. నాకు భయం వేసింది.

"సరే, ఆఫీసు రహస్యం చెబుతున్నా. నిజానికి ఆరు!" అనేశారు మా ఆయన.

"ముందే ఏడవొచ్చుగా! అంటే మూడన్నమాట. మూడైతే ఎవడెళ్తాడు?" అని బావగారు వల దించేశారు.

మర్నాడు మూడు మీటర్ల కెరటాలు రేవు గోడ దాటి దూకాయి. కట్టేసిన పడవ పక్కన నిలబడి బావగారు మా ఆయన్ని ఎగాదిగా చూశారు. "ఆరన్నావు, మూడే వచ్చాయి. మిమ్మల్ని నమ్ముకుంటే అంతే సంగతులు!"

పక్క పడవ మాత్రం అక్కడ లేదు. వాళ్లకి ఆఫీసులో అబద్ధమాడే తమ్ముడు లేడు. పాపం, మూడుని సగానికి కోసుకుని తెల్లారగానే వెళ్లిపోయారు. మనుషులు ఎలాగో చెక్కలు పట్టుకుని ఒడ్డుకొచ్చారు. పడవ రాలేదు.

దాని మీద ఎంక్వయిరీ ఏమీ లేదు. సూచన తూచినట్టు సరిపోయింది కదా!