బస్టాండు మరుగుదొడ్డికో దండం

పక్కింటి పిన్నిగారు గోడ మీంచి మా ఆవిడ చెవిన వేసిన కబురు ఇది. వాళ్ల కోడలు బస్సు కండక్టరు. డ్యూటీ ఎక్కిందంటే సాయంత్రం దాకా చుక్క నీళ్లు గొంతులో పోసుకోదట! "ఎంత పొగరో చూడమ్మా! నేను నింపిచ్చిన సీసా నింపినట్టే తిరిగొస్తుంది" అని పిన్నిగారి బాధ.

అది పొగరు కాదండీ, క్రమశిక్షణ. నేర్పిన గురువు మా బస్టాండు మరుగుదొడ్డి. శుభ్రత మీద అంత శ్రద్ధ పుట్టించే బడి ఇంకెక్కడుంది చెప్పండి?

ఇంట్లో తలుపు చేత్తో తీస్తాం. అదేం గొప్ప? అక్కడ మోచేత్తో నెట్టాలి. లోపల గడియ ఉండదు కాబట్టి ఒక కాలు తలుపుకి తన్నిపట్టి, రెండో కాలి మీద నిలబడి, సంచి మెడకేసుకుని, ఫోను పళ్ల మధ్య ఇరికించి, గోడకు తగలకుండా కానిచ్చుకోవాలి. ఏ యోగా మాస్టారు నేర్పుతాడండీ ఈ ఆసనం? ఊపిరి బిగబట్టడం అదనం!

తలుపు వెనక, రోజూ కడిగినట్టు సంతకాల చార్టు. మొన్న పన్నెండో తారీఖున చూశాను, ముప్ఫై దాకా సంతకాలు పడిపోయాయి. రాబోయే రోజుల పని కూడా ముందే ముగించే ఆఫీసు ఇంకొకటి చూపించండి!

మగాళ్లం, మనకు ఈ చదువు అబ్బలేదు. గోడ కనబడితే చాలు, బడి ఎగ్గొడతాం. ఫస్టు ర్యాంకులన్నీ ఆడవాళ్లవే.

పిన్నిగారి కోడలైతే ఏడాదిలో మూడుసార్లు మూత్రంలో ఇన్‌ఫెక్షను తెచ్చుకుంది. ఈసారొస్తే కిడ్నీకే ఎసరని డాక్టరు కేకలేశాడట.

సంగతి డిపో మేనేజరు దాకా వెళ్లింది. ధర్మాత్ముడు, వెంటనే "మరుగుదొడ్డి వాడకం – జాగ్రత్తలు" అని మీటింగు పెట్టించాడు. పేపర్లో రాసేవాణ్ని కదా, నన్నూ ముందు వరసలో కూర్చోబెట్టారు. తెర మీద రంగురంగుల బొమ్మలు: సీటు తుడవండి, ఇరవై లెక్కపెట్టేదాకా చేతులు సబ్బుతో రుద్దండి. ఎండిపోయిన కుళాయి బొమ్మ మటుకు ఎక్కడా లేదు.

చివర్లో ఆయన నవ్వుతూ, "నీళ్లు బాగా తాగాలమ్మా. మీ ఆరోగ్యం మీ చేతుల్లోనే ఉంది. సందేహాలేమైనా ఉన్నాయా?" అన్నాడు.

చప్పట్లు కొడదామని నేను చేతులెత్తాను కూడా.

వెనక వరసలోంచి పిన్నిగారి కోడలు లేచింది.

"తాగుతాను సార్. మీ గదిలో బాత్రూం తాళంచెవి ఇలా ఇవ్వండి."