నడవడిక సంతృప్తికరము

మనుషులు స్నేహాలు మొదలుపెట్టి వేల ఏళ్లయింది గానీ, స్నేహానికి ఒక పద్ధతీ పాడూ ఏర్పడింది మాత్రం 2008 జూలైలోనే. అదీ శాలిబండలోని పాత దస్తావేజుల పరిశీలన కార్యాలయం, మూడో సెక్షన్లో. అంతకుముందు అక్కడివాళ్లు ఎవరి అనుమతీ లేకుండా, ఏ రిజిస్టర్లోనూ ఎక్కించకుండా, ఇష్టమొచ్చినట్టు స్నేహంగా ఉండేవాళ్లు.

అలా అక్రమంగా స్నేహం చేసినవాళ్లలో ముందు చెప్పుకోవలసింది సీనియర్ అసిస్టెంట్ రంగనాయకిని. నాలుగు తరాలుగా పాతబస్తీలో గుడి సేవలో ఉన్న ఇల్లు ఆమెది. పక్క బల్ల బిందుమాధవిది. ఉద్యోగం కోసం గుంటూరు నుంచి వచ్చి మలక్‌పేటలో స్థిరపడిన మనిషి. పందొమ్మిదేళ్లుగా మధ్యాహ్నం ఒంటిగంటన్నర కాగానే ఆ రెండు బల్లలూ దగ్గరికి జరిగేవి. ఈమె పచ్చిపులుసు ఆమెకు, ఆమె గోంగూర ఈమెకు. బిందుమాధవికి ఆపరేషనైనప్పుడు తొమ్మిది రోజులు ఆసుపత్రి వరండాలో బెంచీ మీద పడుకున్నది రంగనాయకే. (ఆ సంగతి ఎక్కడా ఫొటోలతో పెట్టలేదు కాబట్టి ఇప్పుడు రుజువు చేయడం కష్టం.)

ఆ జూలైలో సెక్షన్‌కు ఇంటర్నెట్ వచ్చింది, ఒకే ఒక్క కంప్యూటర్‌కు. దాని వెనకే, స్నేహాలు చేసుకునే వెబ్‌సైటు దోస్తీడాట్‌కామ్ వచ్చింది. వారం తిరిగేసరికి పదిమందీ అందులో చేరిపోయారు. సూపరింటెండెంటు పరబ్రహ్మం గారు వెంటనే సర్క్యులర్ తీశారు: "స్నేహములు భోజన విరామమున మాత్రమే చేసుకొనవలెను. తలకు మూడు నిమిషములు." ఒక రిజిస్టర్ తెరిచి, అందులో 'వచ్చిన పని' అని ఒక గడి గీయించారు. అందరూ 'స్నేహం' అని రాశారు. "ఎవరితో? ఏ నిమిత్తము? వివరములు లేవు" అని ఎర్రసిరాతో తిప్పి పంపారు.

లాభాలు లేవని ఎవరంటారు? ముప్పై ఏళ్ల కిందట బడిలో విడిపోయిన సుగుణ రంగనాయకికి మళ్లీ దొరికింది. ఎక్కడుందోనని ఇన్నేళ్లూ అనుకున్న మనిషి బహదూర్‌పురాలోనే ఉంది, ఆఫీసుకు రెండు మైళ్ల దూరంలో. ఇద్దరూ పట్టరాని సంతోషంతో, ఒకరోజు తప్పకుండా కలుద్దామని పదకొండుసార్లు రాసుకున్నారు.

చిన్న ఇబ్బందల్లా భోజనంతోనే వచ్చింది. వంతు తప్పిపోతుందేమోనని అందరూ టిఫిన్ డబ్బాలు చేత్తో పట్టుకుని కంప్యూటర్ ముందు లైనులో నిలబడే తినడం మొదలుపెట్టారు. రెండు బల్లలూ ఎక్కడివక్కడే ఉండిపోయాయి.

దోస్తీలో 'ప్రశంస' అని ఒక పెట్టె ఉండేది. మన గురించి మన స్నేహితులు అందులో నాలుగు మంచి మాటలు రాయాలి, లోకమంతా చదవాలి. "నాక్కూడా రాసిపెట్టండక్కా" అని బిందుమాధవి అడిగింది. రంగనాయకి దాన్ని తేలిగ్గా తీసుకోలేదు. మూడు రోజులు ఆలోచించి, ముందు కాగితం మీద చిత్తుప్రతి రాసుకుని, తర్వాత టైపు చేసింది:

"శ్రీమతి బిందుమాధవి నాకు పందొమ్మిది సంవత్సరములుగా తెలుసు. నాకు తెలిసినంతవరకు ఆమె నడవడిక సంతృప్తికరము. ఆమెపై ఏ విచారణయు పెండింగులో లేదు."

బిందుమాధవి అది చదివి మొహం కందగడ్డ చేసుకుని వచ్చింది.

"ఏంటక్కా ఇది? దోస్తీలో పరిచయమైన నీహారిక చూడండి, నాకు 'నువ్వు నా ప్రాణానికి ప్రాణం' అని రాసింది. మీరేమో సంతృప్తికరము అంటారా?"

"అరే, మంచిగనే రాసిన గద బిందూ! ఇరవై ఆరేండ్ల సర్వీసుల ఎవ్వరికీ గంత మంచిగ రాయలే. సంతృప్తికరం కన్న పెద్ద మాట మన దగ్గర యాడున్నది?"

"అందరూ నవ్వుతున్నారండీ."

మాట చివర 'అక్కా' లేదని రంగనాయకికి తెలిసింది.

మర్నాడు తన మూడు నిమిషాల్లో ఆమె బిందుమాధవి పేజీ తెరిచింది. 'నా ఆత్మీయులు' అని ఐదు పేర్లు. తనది లేదు. మొదటి పేరు నీహారిక, వైజాగులో ఎక్కడో ఉండే పిల్ల.

"ఈ పిల్లను నువ్వు ఎన్నడన్న చూసినవా?" అని అడిగింది.

"లేదండీ. కానీ రోజూ పలకరిస్తుంది."

"నేను రోజూ నీ పక్కకే కూసుంట గద!"

"మీరు పలకరించినట్టు అందులో ఎక్కడా కనపడదు కదండీ" అంది బిందుమాధవి, చాలా నిజాయితీగా.

రంగనాయకి ఆ సాయంత్రం ఇంటికి పోయి, తలనొప్పి అని చెప్పి, గోడవైపు తిరిగి పడుకుంది. తెల్లారి నుంచి మాటలు బందు. అయితే దోస్తీలో మాత్రం వాళ్ల స్నేహం దినదిన ప్రవర్ధమానమైంది. లోకం చూస్తోంది కాబట్టి ఇద్దరూ పోటీలు పడి పువ్వులు, నవ్వు మొహాలు, శుభోదయాలు పంపుకున్నారు. రెండు బల్లల మధ్య దూరం మూడడుగులు. శుభోదయం ఆ మూడడుగులూ దాటేసరికి మధ్యాహ్నం ఒంటిగంట నలభై అయ్యేది.

నవంబరులో బిందుమాధవికి ప్రమోషన్ మీద వరంగల్ బదిలీ అయింది. చివరిరోజు భోజన విరామంలో శాలువా కప్పారు, సమోసాలు పంచారు. ఆమె సంచీ భుజాన వేసుకుని రంగనాయకి బల్ల దగ్గరికి వచ్చి నిలబడింది.

"వెళ్లొస్తానక్కా."

రంగనాయకి లేచింది. ఇన్ని నెలల తర్వాత మొదటిసారి నోరు తెరిచి, "బిందూ..." అంది.

"నాలుగో నంబరు!" అని పరబ్రహ్మం గారు రిజిస్టర్ చూసి పిలిచారు. "రంగనాయకి గారూ, మీ వంతు. వెనక ప్రకాశం ఆగి ఉన్నాడు."

"ఒక్క నిమిషం ఉండు, ఇప్పుడే వస్త" అని ఆమె వెళ్లింది. నోటితో చెప్తే ఏడుపొస్తుంది, రాస్తే సాఫ్‌గా వస్తుందని ఆమె ఆలోచన. బిందుమాధవి ప్రశంస పెట్టె తెరిచింది; ఈసారి చిత్తుప్రతి లేదు. "నువ్వు లేకుంటె నాకు అన్నం తినబుద్ధి కాదు బిందూ. నాతోని మాట్లాడు" అని రాసింది. ఆ రెండు ముక్కలకే మూడు నిమిషాలు పట్టింది.

వెనక్కి తిరిగేసరికి బిందుమాధవి లేదు. బస్సుకు టైమైందని ఆటో ఎక్కేసింది.

ఆమె నుంచి జవాబు రాలేదు. వరంగల్ ఆఫీసుకు ఇంకా ఇంటర్నెట్ వేయలేదు. ఫోన్ నంబరు రంగనాయకి దగ్గర ఉంది గానీ, రాసినదానికి జవాబు రాకముందే ఫోన్ చేస్తే బాగుండదని ఊరుకుంది. మిగతా జనం మాత్రం బాగా స్పందించారు. వారంలో అరవై రెండు మంది ఆ మాటల కింద, ఇలాంటి స్నేహం తామెక్కడా చూడలేదని రాశారు. వాళ్లలో మూడో సెక్షన్ వాళ్లు ఎనిమిది మంది. ఒక్కరు కూడా అబద్ధం రాయలేదు.