ధనంజయుడు దుర్భిణికి మూడుకాళ్ల స్టాండు ఎన్నుకొనిన విధము

పల్లెకు కరెంటు స్తంభములు వచ్చి కరెంటు ఇంకను రాని ఆ శుభవత్సరమున, కార్తీకమాసారంభమున, శేషాచల పాదపీఠమున, ఏర్పేడునకు పడమట నున్న ఒక కుగ్రామమున, వేరుసెనగ చేలు పండి, కాయలు గట్టిపడి, పెరుకుటకు సిద్ధమై యుండగా, దంష్ట్రాకరాళముఖులు, పంకలిప్తగాత్రులు, కాయ వాసనను ఆమడ దూరమునుండి పసిగట్టు నాసికాధురంధరులు నగు అడవిపందులు కొండవంకల వెంట దండెత్తి వచ్చెను. తిరుమల కొండ నెక్కినపుడు వేంకటేశ్వరుని కంటె ముందు వరాహస్వామికి దండము పెట్టు జనులే, అదే వరాహము చేనిలో కనబడినచో కర్ర వెదకుదురు. దీనిని ఇంతవరకు ఎవరును తప్పు పట్టలేదు, స్వామితో సహా.

ఆ సేనను నిలువరింప పల్లెవారు పన్నిన వ్యూహ మిట్టిది. గోవిందు అను వేటగాడు కుక్కలతోను వలలతోను ఏటిగడ్డన పొంచి యుండును. చేని నడుమ మంచెపై నున్నవాడు పందులు ఏ వంకన దిగుచున్నవో కనిపెట్టి, ఆ దిక్కునకు ఎర్రతువ్వాలు విసరును. గోవిందు దండు అటు పరుగెత్తి వల కట్టును.

ఆ ఎర్రతువ్వాలునకు అధిపతి, మద్రాసు పాతసామానుల అంగడిలో ఒంటికంటి వేటదుర్భిణిని సాధించి తెచ్చిన దూరదర్శనదక్షుడు ధనంజయుడు. అయితే ఆ దుర్భిణి మహాభారము. చేత బట్టి చూచిన చెయ్యి వణకును, చెయ్యి వణికిన కొండ వణకును, కొండ వణికిన ప్రతి పొదయు పందియై పరుగెత్తును. గడచిన వారము అట్టి పొద నొకదానిని చూచి అతడు తూర్పువంకకు తువ్వాలు విసరగా, గోవిందు దండు అచ్చట గాలికి వల కట్టుచుండగా, పందులు పడమటివంకన దిగి, ధనంజయుని చేనినే సగము భుజించి, త్రేన్చి వెడలెను.

“అన్నా, పొదలకు వల కట్టేదానికి మేము రాలేదు,” అనెను గోవిందు. “ఇంకోతూరి తప్పు సూపిస్తివా, ఆ తువ్వాలు నాకిచ్చేసి నువ్వు ఇంట్లో చెనిక్కాయలు వలుసుకో పో.”

ఆ మాట ములుకై నాటగా, ధనంజయుడు మీసముపై చెయ్యి వేసి పలికెను: “రేయ్ గోవిందూ, మూడుకాళ్ల స్టాండు తెస్తా సూడు! దాని మీద దుర్భిణి ఎక్కినాంక కొండే గాదు, కొండ మీద గడ్డిపోస గూడా కదల్దు. పంది తోక ఏపక్క మెలి తిరిగినాదో ఈణ్ణించే చెప్తా!”

మిగిలిన సగము చేను ఉండునా, తువ్వాలు ఉండునా అను సంగతి ఇక ఆ స్టాండుపై ఆధారపడెను.

అతని భార్య పంకజాక్షి చద్దిమూట చేతికిచ్చుచు, “మంచె మీద కట్టెలు గుచ్చుకుంటాయని గొంతుక్కూసోనే గదయ్యా సూసేది,” అనెను. “అంగట్లో గూడా అట్లే కూసోని, కంటికి సరిపొయ్యేది తీసుకో.”

వీరులు భార్యల మాటలు విందురు. విని బస్సెక్కుదురు.

చంద్రగిరిలో పెండ్లి ఫొటోలు తీయు జయరావు స్టూడియోలో రెండు పాత స్టాండ్లు కొనువారికై ఎదురుచూచుచుండెను. ఒకటి దీర్ఘజంఘ, నిలుచున్న మగవాని కంటి యెత్తు, ఎన్నో పెండ్లిగుంపులను సహించిన అనుభవశాలిని. రెండవది హ్రస్వజంఘ, నడుమునకు తక్కువ, మోకాలికి ఎక్కువ, నేలపై పారాడు పసిబిడ్డల ఫొటోలకై చేయించినది. ధనంజయుడు భార్య వాక్యమును స్మరించి, పంచె ఎగగట్టి, పొట్టిదాని ముందు మోకాళ్లు వంచెను.

కాని చంద్రగిరి అతని అత్తవారి ఊరు. స్టూడియోకు ఎదురిల్లు సాక్షాత్తు అత్తగారిల్లు. అల్లుని మోకాళ్లు సగము వంగునంతలో అత్తగారు చంద్రకాంతమ్మ ఇనుప మడతకుర్చీని గదవలె ఎత్తి వీధి దాటి వచ్చెను.

“అయ్యో అయ్యో! అల్లుడు నేల మీద కూసునేదా? రేపు ఈ వీధిలో నేను తలెత్తుకునేదెట్ల? కుర్చీలో కూసోండి నాయనా!”

కుర్చీలో కూర్చున్న అల్లునికి పొట్టి స్టాండు పొట్టకు వచ్చెను, పొడుగు స్టాండు నెత్తికి వచ్చెను. అత్తగారు కదలదు. ఇక గౌరవప్రదమైన భంగిమ నిలుచుండుట ఒక్కటే. ధనంజయుడు లేచి, దీర్ఘజంఘపై దుర్భిణి నెక్కించి, కోటకొండ వైపు చూచెను. ఆహా, ఏమి ఆ నిశ్చలత! బండపై నున్న మేక గడ్డము నందలి వెండ్రుకలు ఒక్కొక్కటిగా దర్శన మిచ్చెను.

“ఆడ గూడా నిలబడే సూస్తావా అప్పా?” అని జయరావు అడిగెను.

“మొగోడు నిలబడే సూస్తాడు!” అని గర్జించి ధనంజయుడు దీర్ఘజంఘను భుజమున వేసికొని వెడలెను.

ఆ సాయంకాలము మంచెపై జరిగినది యుద్ధము కాదు, పరాభవము. మంచెకప్పు తాటాకులది, కూర్చున్నవాని తలకు జానెడే ఎత్తు. దీర్ఘజంఘ శిరస్సు కప్పును చీల్చుకొని ఆకాశమున వెలసెను. దుర్భిణి కప్పు పైన, ధనంజయుడు కప్పు క్రింద. కాళ్లు ఎడము చేయబోగా ఒకటి కట్టెల సందున దిగబడెను. దానిని పీకుచుండగా పందులు మరి నాలుగు సాళ్లు ఆరగించెను.

“యాడ దిగినాయో సూసినావా?” అని పంకజాక్షి క్రిందినుండి అడిగెను.

“వాసనొచ్చినాది,” అని మంచెపైనుండి సమాధానము వచ్చెను.

మరునాడు చంద్రగిరి బస్సులో అతని హృదయమున ఘోరసంగ్రామము చెలరేగెను. ఒక ప్రక్క మిగిలిన చేను, ఒక ప్రక్క అల్లుని మర్యాద. ఊరూరికి మర్యాద గెలుచుచు, మలుపు మలుపునకు చేను గెలుచుచు నుండగా, బస్సు స్టూడియో ముందు ఆగెను. అతడు దీర్ఘజంఘను జయరావునకు తిరిగి అప్పగించి, పొట్టిదానిని వీధి నడుమ నిలిపి, దానిపై దుర్భిణి నెక్కించెను. ఎదుట ఇనుపకుర్చీతో అత్తగారు అప్పటికే సిద్ధముగా నుండెను.

“అత్తా, నీ కుర్చీకో దండం!” అని అతడు చేతులు జోడించి, వీధి ఈ కొననుండి ఆ కొన వరకు వినబడునట్లు పలికెను. “మంచె మీద అల్లుడు లేడు, కాపలా కాసేవోడే ఉండాడు. కుర్చీ మర్యాద నాకు, చెనిక్కాయలు పందులకు అయితే, నీ కూతురు రేపు గింజలకు యాడికి పోవాల? ఊరంతా సూడనీ, నేను కూసుంటా!”

సోడాకొట్టువాడు గోలీ నొక్కబోయిన బొటనవ్రేలిని గాలిలోనే నిలిపెను. మరచెంబుతో పోవుచున్న ముసలమ్మ ఆగెను. ఆ మహాజనసమక్షమున, ఆ పట్టపగలు, ధనంజయుడు పంచె బిగించి, మడమలు నేలకానించి, మోకాళ్లు చెవులంటగా గొంతుక్కూర్చుండెను. కన్ను దుర్భిణికి అంటెను. ఎత్తు వెండ్రుకవాసి తేడా లేదు!

చంద్రకాంతమ్మ కుర్చీ దుమ్మును కొంగుతో తుడిచి, “కుర్చీ ఏసినాంక ఖాళీగా ఉంటే బాగుండదు,” అని తానే అందులో కూర్చుండెను.

ఆ సాయంకాలము హ్రస్వజంఘ తాటాకుల క్రింద ఒదిగి, మూడు కాళ్లతో మూడు కట్టెలను పట్టుకొని నిలిచెను. కొండ వణకలేదు. పొదలు పొదలుగానే యుండెను. పొద్దు క్రుంకుటకు ముందు పడమటివంక నీడలో ఒక మూతి కనబడెను, దాని వెనుక మరొకటి. ఎర్రతువ్వాలు పడమటికి ఎగిరెను. కుక్కలు మొరిగెను, గోవిందు వల బిగిసెను, సేనాపతి వలలో పడగా తక్కిన వరాహములు వచ్చిన దారినే పలాయన మంత్రము పఠించెను. ఒక్క వేరుసెనగ చెట్టు పెరుకబడలేదు.

“తువ్వాలు నీదే పోన్నా!” అని గోవిందు మంచె క్రిందికి వచ్చి అరచెను. “దిగిరా!”

“దిగలేను రా,” అనెను విజేత. “మోకాళ్లు పట్టేసినాయి.”

గోవిందు దండువారు అతనిని నిలువుగా సాగదీయ యత్నించి విఫలులై, ఆ కూర్చున్న భంగిమ చెడకుండ, ఇద్దరు చంకలు పట్టి, ఇద్దరు పిక్కలు పట్టి, అతనిని క్రిందికి దించి, ఉత్సవవిగ్రహమువలె చేనిగట్ల వెంట మోసికొనిపోయిరి. కుక్కలు ముందు నడచెను.

“మెల్లిగా అప్పా, మెల్లిగా!” అని పంకజాక్షి వెనుకనుండి కేకవేసెను. “చెట్లు తొక్కేరు!”