చార్టు సారు వేలు

నవ్వనంటేనే చెబుతాను. నవ్వుతారని తెలుసు, అయినా చెబుతాను.

బూర్గంపాడు దగ్గరి ఆశ్రమ పాఠశాలలో నేను బయాలజీ చెబుతాను. పేరు వెంకటరామారావు గానీ, పిల్లలకు నేను చార్టు సారును. కప్పనైనా గుండెనైనా చార్టు మీదే చూపిస్తాను. రక్తమన్నా సూదన్నా నాకు పడదు. ఈ సంగతి బయటపడకుండా పదిహేనేళ్ళు నెట్టుకొచ్చాను. నా భార్య పుల్లమ్మ అదే ఊళ్ళో నర్సు. ఊరంతా ఆమెను సూదమ్మ అంటారు. దేవుడు జోడీలు ఎట్లా కుదురుస్తాడో చూడండి.

2004లో మా పదో తరగతిలో భీమక్క అనే పిల్ల ఉండేది. పుస్తకం ఇస్తే అట్ట కూడా వదలకుండా చదివేది. భద్రాచలంలో బైపీసీ చదివి నర్సు కావాలని ఆశ. వాళ్ళ నాన్న సమ్మయ్య మాత్రం తొందరపడే మనిషి కాదు.

"చదువుతది సారూ, కాదంటలేను. కానీ రేపు రక్తం చూసి కండ్లు తిరిగితే ఏం జేస్తం? రెండేండ్లు పాయె, తునికాకు కోతకు రెండు చేతులు తక్కువాయె. శనివారం బడికొస్త. నా కండ్లతో చూసినంకనే చెప్త."

శనివారం తల్లిదండ్రుల మీటింగు. భీమక్క చదువు ఆ రోజుతో తేలిపోతుంది. నాకొక ఆలోచన వచ్చింది. మలేరియా పరీక్షకు వేలు గుచ్చి గాజుపలక మీద రక్తం ఎలా తీస్తారో అందరి ముందూ నేనే చేసి చూపిస్తాను, తర్వాత భీమక్కతో చేయిస్తాను. ఇంత చిన్న సూదికి నేను భయపడటమేమిటి?

సాధన కోసం పుల్లమ్మ సంచిలోంచి నాలుగు సూదులు తీశాను. వేలు ఎవరిస్తారు? వంటింట్లో సొరకాయ దొరికింది. మూడు రోజులు కళ్ళు మూసుకుని గుచ్చాను.

శుక్రవారం పుల్లమ్మ ఆ సొరకాయను వెలుతురులో పెట్టి తిప్పి చూసింది.

"ఏందయ్యా, దీనికి జ్వరమొచ్చిందా?"

"పురుగు కొట్టినట్టుంది."

"పురుగు స్పిరిట్ రాసి కొట్టిందా? వాసనొస్తంది."

నిజం ఒప్పుకున్నాను. ఆమె నన్ను పైనుంచి కిందిదాకా చూసి, "మంచిదే, కానియ్యి" అంది. గొడవ పడకుండా మంచిదే అన్న భార్యను అనుమానించాలని నాకు అప్పటికి తెలియదు.

శనివారం తరగతి గది నిండిపోయింది. నేను పొడుగాటి ఉపన్యాసం ఇచ్చి, ఎవరైనా వేలు ఇవ్వండి అన్నాను. ఎవరూ కదల్లేదు. చివరికి సమ్మయ్య నిదానంగా లేచాడు.

"సారూ, ముందు మీ వేలు పెట్టండి. మా పిల్ల గుచ్చుతది. గదే చూద్దమని వచ్చిన."

ఇది నా పథకంలో లేదు. కాదంటే పిల్ల చదువు పోతుంది. చెయ్యి చాచాను. భీమక్క ఉంగరపు వేలు పట్టుకుని దూదితో తుడిచింది. సూది ఇంకా మూరెడు దూరంలో ఉంది. నాకు గుర్తున్నది అంతవరకే.

కళ్ళు తెరిచేసరికి నేల మీద ఉన్నాను. కాళ్ళు బెంచీ మీద ఉన్నాయి. జీర్ణవ్యవస్థ చార్టు నా మీద దుప్పటిలా పడి ఉంది. "జరగండి, గాలి రానియ్యండి" అంటూ భీమక్క హెడ్మాస్టరుతో సహా అందర్నీ వెనక్కి పంపుతోంది. నా చొక్కా గుండీలు విప్పి నాడి కూడా చూసిందట.

"మరి రక్తం?" అన్నాను నీరసంగా.

"తీసేసిన సారూ. వేలు నా చేతిలనే ఉండె గదా."

గాజుపలక మీద నా పేరు, తేదీ కూడా రాసి పెట్టింది. సమ్మయ్య నన్ను చూడటం లేదు. బిడ్డ చేతులనే చూస్తున్నాడు. అవి వణకడం లేదు.

"పంపుత" అన్నాడు.

ఇంటికొచ్చి పుల్లమ్మతో గొప్పగా చెప్పాను. "కావాలనే పడ్డాను. పిల్లకు పరీక్ష పెట్టాను."

"అవ్, పరీక్షే. పెట్టింది నేను."

ఆరు నెలలుగా ప్రతి ఆదివారం భీమక్క ఆమె దగ్గరే పని నేర్చుకుంటోందట. నా వేలే అడగమని సమ్మయ్యకు చెప్పిందీ పుల్లమ్మేనట.

"నేను పడతానని నీకు తెలుసా?"

"పెండ్లయిన కొత్తల నీకు ధనుర్వాతం సూది ఏసిన్నాడే తెలుసు. గుచ్చుడు ఎవరైనా గుచ్చుతరు. మనిషి పడ్డంక పిల్ల ఏం జేస్తదో సమ్మయ్య చూడాలె. గందుకు ఒకడు పడాలె గదా."

"నాకు ముందే చెప్పొచ్చుగా?"

"చెప్తే వస్తవా?"

రాను. అది నిజమే.

జూన్‌లో భీమక్క భద్రాచలం బస్సెక్కింది. ముందు పుల్లమ్మ కాళ్ళకు దండం పెట్టింది, తర్వాత నా కాళ్ళకు. నాకు కళ్ళలో నీళ్ళు ఆగలేదు. పదిహేనేళ్ళు గొంతు పోయేలా పాఠాలు చెప్పాను. ఆ పిల్లకు దారి చూపింది మాత్రం నేను నోరు మూసుకుని పడి ఉన్న ఐదు నిమిషాలు. అంత మంచి పని నా చేత చేయించిన పుల్లమ్మకు చేతులెత్తి మొక్కాలనిపించింది. మొక్కలేదనుకోండి, నెత్తికెక్కుతుంది.

మరుసటి ఏడాది ఒకరోజు పుల్లమ్మ టీ గ్లాసు నా చేతికిస్తూ అంది.

"ఈ ఏడు మీ పదో తరగతిల లాలి ఉంది. మంచి పిల్ల. వాళ్ళ నాయిన బిచ్యా శనివారం బడికొస్తడట."

టీ తాగి లేచి, శనివారానికి మట్టి అంటినా ఫరవాలేని పాత చొక్కా ఒకటి వెతికి పెట్టుకున్నాను.