పదకొండో స్థానం

మన పంచాయతీ యూనియన్ చరిత్రలోనే మొట్టమొదటి మౌంటెన్ బైక్ రేసు జరగబోతోందని చైర్మన్ రాఘవేంద్రన్ గారు ప్రకటించారు. మనకు కొండ ఉంది, సైకిళ్లూ ఉన్నాయి. రెండింటినీ కలపాలని ఇన్నేళ్లూ ఎవరికీ తోచలేదు. దూరదృష్టి అంటే అదే.

మర్నాడు పొద్దున్నే పెద్దాయన ఆండియప్ప నలభైమందితో మా తాలూకా ఆఫీసుకు వచ్చాడు.

"గుడి తేరు లాగేటప్పుడు మొదటి మర్యాద మా ఇంటిది. సైకిలుకు మాత్రం వేరే ఇంటికి పోతాదా?"

"అయ్యా, ఇది రేసు. ఎవరు ముందు వస్తే వాళ్లదే మొదటి స్థానం" అన్నారు తాసిల్దారు గారు.

"నేను అడిగేదీ అదే గదా సార్! ఎవురు ముందు రావాలని ఆర్డరు ఉండాది?"

మూడు ఊళ్ల ఉత్సవాలను కొట్లాట లేకుండా దాటించిన అనుభవం తాసిల్దారు గారిది. వెంటనే పీస్ కమిటీ వేశారు. మినిట్స్ రాసింది ఆఫీసు గుమాస్తాను నేనే. మొదటి స్థానం చైర్మన్ గారి అబ్బాయి శరత్‌కుమార్‌కు. రెండోది ఆండియప్ప మనవడికి, అయితే పూలమాల మాత్రం అతనికే ముందు. మిగతా ఎనిమిదీ ఎనిమిది ఇళ్లకు. రేసుకు పది రోజుల ముందే ఫలితాలు తేల్చిన ఘనత మన తాలూకాదే.

మిగిలింది నిత్య. ఎవరో వాడుకుని అమ్మేసిన గేరు సైకిలు మీద ఆరు నెలలుగా కొండ ఎక్కి దిగుతున్న అమ్మాయి. కోయంబత్తూరు సెలెక్షన్ క్యాంపుకు పోవాలంటే ఒక్క రేసైనా పూర్తి చేసినట్టు సీలు వేసిన సర్టిఫికెట్ కావాలి. వచ్చే ఏడాదికి వయసు దాటిపోతుంది. ఆమెకు పదకొండో స్థానం కేటాయించారు.

"సార్, నేను ముందే వచ్చేస్తే?" అంది.

"ఎప్పుడైనా రామ్మా. నీ స్థానం పదకొండే. మారిస్తే లా అండ్ ఆర్డర్ ప్రాబ్లమ్" అన్నారు తాసిల్దారు గారు.

"మరి టైము సార్?" అని అడిగాను నేను.

తాసిల్దారు గారు అందరి మొహాలూ చూశారు. టైము మా ఇంటిదని ఎవరూ అడగలేదు. "టైముకు మర్యాద ఏముందమ్మా? ఎంతయితే అంత రాసుకో" అన్నారు నాతో. అదీ మినిట్స్‌లో రాసుకున్నాను.

రేసు రోజున శరత్‌కుమార్‌కు మలుపు మలుపునా శాలువాలు కప్పారు. కప్పినప్పుడల్లా అతను సైకిలు దిగి నమస్కారం పెట్టాడు. ఏడో శాలువా వెనక చక్రంలో చుట్టుకుంది.

నిత్య ఒళ్లంతా మట్టితో నలభై ఒక్క నిమిషాల్లో వచ్చేసింది. మేళం వాళ్లు డోలు ఎత్తబోతే తాసిల్దారు గారు కళ్లతోనే ఆపారు. కాసేపటికి ఆండియప్ప మనవడు వచ్చి, ముగింపు గీతకు రెండడుగుల ముందే కాలు ఆనించి ఆగాడు.

"చూస్తిరా, మావాడి పద్ధతి! ఒకటోవాడు రాకుండా దాటడు" అని ఆండియప్ప మురిసిపోయాడు.

మిగిలిన ఎనిమిదిమందీ అతని వెనకే వరసగా నిలబడ్డారు. రెండు గంటల పది నిమిషాలకు శరత్‌కుమార్ సైకిలు తోసుకుంటూ వచ్చాడు. డోలు మోగింది.

స్థానంతో పాటు టైము కూడా వేసి సర్టిఫికెట్లు నేనే రాశాను. తాసిల్దారు గారు చూడకుండానే సంతకాలు పెట్టారు. చైర్మన్ గారు మాత్రం కళ్లజోడు పెట్టుకుని చూశారు. నిత్య అప్పటికే చెయ్యి చాపింది. ఆయన కాగితం వదల్లేదు.

"ఈ పాపది ఎంత?"

"నలభై ఒక్క నిమిషాలు సార్."

"మావాడిది?"

"రెండు గంటల పది నిమిషాలు సార్."

ఆయన వేళ్లు మడిచి లెక్క వేశారు. అప్పుడు ఆయన మొహం విప్పారింది.

"మూడింతలు! పోనీలే పాపా, బాధపడొద్దు. చిన్నదానివి, నేర్చుకుంటావు" అని కాగితం ఆమె చేతిలో పెట్టారు.

రెండు రోజుల్లో బస్టాండులో పెద్ద ఫ్లెక్స్ లేచింది. శాలువాల్లో శరత్‌కుమార్, కింద "2 గంటల 10 నిమిషాలు! ఇంత సమయం ఇక్కడ ఇంకెవరూ సాధించలేదు!" అని. దాని నీడలోనే సర్టిఫికెట్ పట్టుకుని నిత్య కోయంబత్తూరు బస్సు ఎక్కింది.

వచ్చే ఏడాదికి మూడు గంటలు లక్ష్యంగా శరత్‌కుమార్ అప్పుడే శిక్షణ మొదలుపెట్టాడట.