పచ్చ తలుపు, మూడు తాళాలు

ఆ పొద్దున తాళాల మేస్త్రీ వేసుకున్న పథకం చాలా చిన్నది. ఆరింటికి వీధి కిటికీ తీయకూడదు. తలుపు వెనక సుత్తి పట్టుకుని నిలబడాలి. దొంగ లోపలికి అడుగు పెట్టగానే మోకాలి మీద ఒక్కటివ్వాలి.

దొంగ ఎవరో తెలుసు. ఎదురింటి డ్రిల్లు మాస్టారు. రిటైరయి పదేళ్ళయినా మెడలోంచి ఈల తీయని మనిషి. మేస్త్రీ కిటికీ తీయగానే ఆయన తన వరండాలో గడియారం చూస్తాడు, జేబులోంచి చిన్న పుస్తకం తీసి ఏదో రాసుకుంటాడు, లోపలికి పోతాడు. మేస్త్రీ గమనించడం మొదలుపెట్టిన పది రోజులుగా ఇదే వరస. ఇంటాయన ఎప్పుడు లేస్తాడో చూసుకోకుండా ఏ దొంగా కన్నం వేయడు. ఇంట్లో పోవడానికి ఉన్నది ఒక్కటే, రెండేళ్ళ కిందట పోయిన భార్య ట్రంకుపెట్టె. నాలుగు చీరలు, ఒక కళ్ళజోడు. దానికోసమే వీధి తలుపుకు లోపల్నుంచీ బయట్నుంచీ వేసుకునే మూడు తాళాలు, తన చేత్తో చేసినవి.

ఆరూ పదికి తలుపు చప్పుడయింది.

"మేస్త్రీ. ఓ మేస్త్రీ."

ఇంట్లో మనిషున్నాడో లేడో పరీక్ష అన్నమాట. మేస్త్రీ ఊపిరి బిగబట్టాడు. బయట మాస్టారు ఫోనులో చెబుతున్నాడు.

"అమ్మాయ్, కిటికీ తీయలేదు. పలకడం లేదు. త్వరగా రా. మూడు తాళాలు, నావల్ల కాదు."

అమ్మాయంటే ఒక్కతే, రెండు వీధుల అవతల ఉన్న తన కూతురు. అమ్మ పెట్టె తనకిమ్మని పోయిన నెలే అడిగింది. ఇవ్వనన్నాడు. అయితే ఇది ఒక్కడి పని కాదు, ముఠా.

పావుగంటలో పెద్ద బండి వచ్చి ఆగింది. సామాను మోయడానికి బండి కూడా మాట్లాడుకున్నారు.

"వెనక తలుపు లేదా అమ్మా?" అంది కొత్త గొంతు.

"ఇటుకలు పేర్చి మూసేశాడండీ. ఎవర్నీ నమ్మడు." కూతురి గొంతు వణుకుతోంది. దొంగతనానికి వచ్చినవాళ్ళకు వణుకు మామూలే.

"పగలగొడదామా?"

"నాన్న చేసిన తాళాలు. పగలవు."

ఆ ఒక్క మాట మేస్త్రీకి నచ్చింది.

జేబులో ఫోను చప్పుడు లేకుండా అదిరింది. అప్పటికి కూతురు ఆరుసార్లు చేసింది, ఎత్తలేదు. ఇది కొత్త నంబరు. కొత్త నంబరంటే బేరం. మునివేళ్ళ మీద వంటగదిలోకి వెళ్ళి ఎత్తాడు.

"కరెంటు స్తంభం మీద 'తాళాలు తీయబడును' అని మీ నంబరు చూశానండీ. అంబులెన్స్ డ్రైవర్ని. అర్జెంటుగా ఒక తలుపు తీయాలి."

"ఎన్ని తాళాలు?"

"మూడంట."

"మూడా? ఎవడండీ ఆ పిచ్చివాడు?"

"ఎవరో ముసలాయన. పోయాడో, కొన ఊపిరితో ఉన్నాడో. కూతురు గడప మీద కూలబడి ఏడుస్తోంది."

"పాపం. ఏ ఇల్లు?"

"వీధి చివర. పచ్చ తలుపు."

మేస్త్రీ వంటగదిలోంచి తొంగి చూశాడు. తలుపు పచ్చగానే ఉంది.

"దగ్గర్లోనే ఉన్నాను," అన్నాడు.

ఒక్కొక్క తాళమే తీసుకుంటూ తలుపు తెరిచాడు. చేతిలో సుత్తి చూసి డ్రైవరు మెచ్చుకున్నాడు.

"అప్పుడే లోపలికి ఎలా వెళ్ళారండీ? పెద్దాయన ఎలా ఉన్నాడు?"

"బతికే ఉన్నాడు."

కూతురు చొక్కా పట్టుకుని ఏడ్చింది. ఏడుపు అయ్యాక తిట్టింది. మేస్త్రీ అదేమీ పట్టించుకోకుండా మాస్టారి ముందు చెయ్యి చాపాడు.

"ఆ పుస్తకం ఇటివ్వండి. ఏం రాస్తున్నారో నలుగురూ చూస్తారు."

మాస్టారు జేబులోంచి తీసి ఇచ్చాడు. లోపలంతా తేదీలు, టైములు, రెండేళ్ళవి. మొదటి పేజీలో మాత్రం చేతిరాత వేరు. వంకర అక్షరాలు, భార్య ఆస్పత్రి మంచం మీద రాసినవి.

'అన్నయ్యగారూ, ఈయన ఆరింటికల్లా కిటికీ తీస్తాడు. తీయకపోతే తలుపు కొట్టండి. తిడతాడు. ఏమీ అనుకోకండి.'

మేస్త్రీ ఆ పేజీ రెండుసార్లు చదివాడు. తర్వాత వేరే పేజీ తిప్పాడు.

"మొన్న ఆరూ నాలుగని రాశారు. ఆరూ రెండుకే తీశాను," అని పుస్తకం తిరిగి ఇచ్చేశాడు.

మర్నాడు ఆరింటికి కిటికీ తీశాడు. ఎదురు వరండాలో ఎవరూ లేరు. ఆరూ ఐదు అయింది. లేరు. మూడు తాళాల్లో ఒక్కటీ వేయకుండా వీధి దాటి వెళ్ళి తలుపు బాదాడు. నిన్నటి హైరానాకు ఒళ్ళు నొప్పులతో పడుకున్న మాస్టారు మూలుగుతూ వచ్చి తీశాడు.

"ఏం మేస్త్రీ, ఏమయింది?"

"నేను ఆరింటికే తీశాను. రాసుకోండి."